ఆఫ్రికన్ వైలెట్‌ను ఏళ్ల తరబడి పూయించడం ఎలా

ఆఫ్రికన్ వైలెట్ కుండీ నిండా పూలతో ఇంటికి వస్తుంది. నెలా రెండు నెలలు కళ్లకు పండగే. తర్వాత పూలు వాడిపోతాయి, కొత్త మొగ్గలు రావు, ఆకులు కాస్త వాలినట్టు కనిపిస్తాయి. దాహమేసిందేమోనని నీళ్లు పోస్తాం. ఇంకాస్త వాలుతుంది. మళ్లీ పోస్తాం. కొన్నాళ్లకు మొక్క నడిబొడ్డు మెత్తబడి చేతికి ఊడి వస్తుంది. ఇది సున్నితమైన మొక్క, మన చేతిలో బతకదు అని తేల్చేస్తాం.

ఆ మాట ఈ మొక్కకు అన్యాయం చేస్తుంది. ఇది బహువార్షికం. దీని తీరు తెలిసి పెంచితే ఏళ్లకేళ్లు బతుకుతుంది, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది, ఒక్క ఆకుతో పిల్లల్ని పెడుతుంది. దీన్ని చంపేది ఎక్కువగా మన నీళ్ల చెంబే. పూలు ఆగిపోవడానికి కారణం ఎక్కువగా చాలని వెలుతురు. ఈ రెండూ సర్దుకుంటే మిగతా పనులన్నీ తేలికే.

ముందు అది పుట్టిన చోటు తెలుసుకోండి

దీని పుట్టిల్లు టాంజానియా ఈశాన్యాన ఉన్న ఉసంబారా కొండలు, ఆ చుట్టుపక్కల అడవులు. కొన్ని రకాలు కెన్యా ఆగ్నేయ మూలలో కూడా ఉన్నాయి. పెద్ద చెట్ల నీడలో, నాచు పట్టిన రాతి పగుళ్లలో, రాలిన ఆకులు కుళ్లి చేరిన పిడికెడు మట్టిలో ఇది వేళ్లూనుకుంటుంది. 1892లో అక్కడ జర్మనీ వలస అధికారిగా ఉన్న బారన్ వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ ఈ మొక్కను గమనించి జర్మనీలోని తన తండ్రికి పంపాడు. హానోవర్‌లోని హెర్రెన్‌హౌజెన్ రాజోద్యానాన్ని చూసే హెర్మన్ వెండ్‌లాండ్ 1893లో దానికి ‘సెయింట్‌పాలియా అయొనాంథా’ అని పేరు పెట్టాడు. 2015లో శాస్త్రజ్ఞులు దీన్ని స్ట్రెప్టోకార్పస్ ప్రజాతిలో కలిపేశారు. కుండీ మీద ఈ రెండింటిలో ఏ పేరు కనిపించినా మొక్క ఒకటే. తోటల్లో పూసే అసలు వైలెట్లకూ దీనికీ చుట్టరికం లేదు.

ఈ కథంతా ఎందుకంటే, ఆ రాతి పగులే మనకు పెంపకం నేర్పుతుంది. అక్కడ ఎండ నేరుగా తగలదు గానీ పగలంతా వెలుతురు ఉంటుంది. వాన నీరు వేళ్లను తడిపి జారిపోతుంది, నిలవదు. మట్టి తక్కువ, అందులో గాలి ఎక్కువ. చుట్టూ తేమ. వేడి, చలి రెండూ మితమే. కుండీలో ఈ పరిస్థితికి ఎంత దగ్గరగా రాగలిగితే మొక్క అంత బాగుంటుంది. పై నుంచి నీళ్లు పోయకపోవడం, చిన్న కుండీ వాడటం లాంటి సలహాలు వింతగా అనిపిస్తే ఈ పగులును ఒకసారి తలచుకోండి, కారణం దొరుకుతుంది.

అడవులు తరిగిపోవడంతో ఈ జాతి రకాల్లో చాలావాటికి సొంత చోట ముప్పు వచ్చిపడింది. కాబట్టి ఎప్పుడూ నర్సరీలో పెంచిన మొక్కనే తీసుకోండి.

కొనేటప్పుడు

పూలు చూసి కొనకండి, నడిమధ్య చూసి కొనండి. కొత్త ఆకులు పుట్టే చోటు పచ్చగా, విడివిడిగా, ఒకే కేంద్రం నుంచి గుండ్రంగా తెరుచుకుంటూ ఉండాలి. అక్కడి ఆకులు బిగుసుకుపోయి, చిన్నగా, బూడిద రంగులో నూగు దట్టంగా కనిపిస్తే నల్లి పట్టిందని అనుమానించండి. అది ఎంత అందంగా పూసినా వదిలేయాలి. ఆకు అడుగున, కాడ మొదట్లో తెల్లటి దూది లాంటి ముద్దలు ఉంటే పిండినల్లి. కుండీని చేత్తో ఎత్తి చూడండి. నీళ్లు కారుతూ బరువుగా ఉండి, ఆకులు మాత్రం వాలి ఉంటే వేళ్లు కుళ్లడం మొదలైనట్టే.

విచ్చిన పూలకన్నా మొగ్గలు ఎక్కువ ఉన్న మొక్క మేలు. కొత్త చోటికి వచ్చాక కూడా ఆ మొగ్గలు ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. చోటు తక్కువైతే మినీ రకాలున్నాయి, ఆకులతో సహా 15 సెం.మీ. వెడల్పు దాటవు. కానీ మొదటిసారి పెంచేవాళ్లకు మామూలు సైజు మొక్కే నయం. మినీల కుండీ చిన్నది, త్వరగా ఎండుతుంది, నీళ్ల లెక్క తప్పితే ఓర్చుకునే శక్తి తక్కువ.

ఇంట్లో ఇంతకుముందే వైలెట్లు ఉంటే కొత్తదాన్ని నాలుగైదు వారాలు వేరే గదిలో ఉంచండి. పురుగు ఏదైనా ఉంటే ఈలోగా బయటపడుతుంది. పిల్లులు, కుక్కలు ఉన్న ఇల్లయినా టెన్షన్ అక్కర్లేదు, ఈ మొక్క వాటికి విషం కాదు.

వెలుతురు

పూయని వైలెట్ ఎదురైతే మొదట అనుమానించాల్సింది వెలుతురునే. ఎరువు సంగతి ఆ తర్వాత.

తూర్పు కిటికీ దీనికి సరిగ్గా సరిపోతుంది. పొద్దుటి లేత ఎండ ఒకటి రెండు గంటలు తగిలినా ఇబ్బంది లేదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే కిటికీ అయితే పల్చటి తెల్ల తెర వేయండి, లేదంటే కుండీని మీటరు లోపలికి జరపండి. సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. మధ్యాహ్నం మొక్కకు ఓ అడుగు ఎత్తున అరచేయి చాపండి. ఆకుల మీద అంచులు మసకగా ఉన్న నీడ పడితే వెలుతురు సరిపోయింది. నీడ అంచు కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటే ఎక్కువైంది. నీడే కనిపించకపోతే తక్కువైంది.

మొక్క కూడా చెబుతుంది. ఆకు కాడలు పొడుగ్గా సాగి, ఆకులు చేతులు పైకెత్తినట్టు లేచి ఉంటే దానికి వెలుతురు చాలడం లేదు. ఆకులు కిందికి ముడుచుకుని కుండీ అంచును కరుచుకుంటే, రంగు వెలిసి పసుపు తిరిగితే వెలుతురు మితిమీరింది. సరైన వెలుతురులో ఆకులు పళ్లెం పరిచినట్టు చదునుగా, ఒకదాని మీద ఒకటి వరసగా అమరుతాయి.

కిటికీ లేని గది అయినా నిరాశ పడక్కర్లేదు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు కింద ఇవి కిటికీలోకన్నా చక్కగా పూస్తాయి. ట్యూబు మొక్కకు 25 నుంచి 30 సెం.మీ. ఎత్తులో ఉండాలి. రోజుకు 12 నుంచి 14 గంటలు వెలగాలి. టైమర్ పెట్టుకుంటే ఆ ధ్యాస మనకు అక్కర్లేదు. ఎక్కువ పూస్తుందని రాత్రంతా వెలిగించకండి. రోజుకు కనీసం 8 గంటలు చీకటి ఉంటేనే మొగ్గ కడుతుంది.

వారానికోసారి కుండీని పావు వంతు తిప్పండి. కిటికీ మొక్కలకు ఇది తప్పనిసరి. తిప్పకపోతే ఆకులన్నీ వెలుతురు వైపు సాగి, అవతలి పక్క బోడిగా మిగులుతుంది.

వేడి విషయం ఒక్క మాటలో: మీరు పల్చటి చొక్కాతో హాయిగా కూర్చోగలిగే గది దానికీ హాయే. 18 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా ఎదుగుతుంది. 15 కన్నా దిగితే ఎదుగుదల ఆగిపోతుంది, 30 దాటితే మొగ్గలు మాడతాయి. ఏసీ గాలి నేరుగా కొట్టే చోట మాత్రం పెట్టొద్దు. పండిన పళ్ల బుట్ట పక్కన కూడా వద్దు. పళ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు దీని పూలు, మొగ్గలు రాలిపోతాయి.

నీళ్లు

రోజు లెక్కన నీళ్లు పోసే అలవాటు మానేయాలి. సోమవారం, గురువారం అని పెట్టుకుంటే మబ్బు పట్టిన వారంలో మొక్క మునిగిపోతుంది, ఎండల్లో మాడిపోతుంది. వేలితో పైమట్టి తాకండి. వేలికి తడి అంటితే కుండీని వదిలేయండి. పొడిగా తగిలితే నీళ్లు పెట్టండి. కొన్నాళ్లకు కుండీ ఎత్తగానే బరువును బట్టే తెలిసిపోతుంది. తడిసిన కుండీకీ ఆరిన కుండీకీ బరువులో తేడా బాగా తెలుస్తుంది, ముఖ్యంగా ప్లాస్టిక్ కుండీ అయితే.

నీళ్లు పెట్టే తీరు ఇది. గది వేడికి వచ్చిన నీళ్లు తీసుకోండి. ట్యాపు నీళ్లయితే ముందు రోజు రాత్రే పట్టి మూత లేకుండా ఉంచండి. వెడల్పాటి పళ్లెంలో ఓ వేలు లోతు నీళ్లు పోసి కుండీని అందులో నిలబెట్టండి. అడుగు రంధ్రాల గుండా మట్టి నీళ్లను పైకి లాక్కుంటుంది. పావుగంట, అరగంటలో పైమట్టి ముదురు రంగుకు మారుతుంది. అప్పుడు కుండీ తీసేసి, పళ్లెంలో మిగిలిన నీళ్లు పారబోయండి. చాలామంది పట్టించుకోనిది ఈ పారబోసే పనే. రాత్రంతా నీళ్లలో నిలబడ్డ వేళ్లకు గాలి ఆడదు. గాలాడని వేళ్లను కుళ్లు తెగులు పట్టుకుంటుంది.

చల్లటి నీళ్లు ఎందుకు వద్దంటే, ఈ ఆకులకు చలి తగిలితే తట్టుకోలేవు. ఆకు వెచ్చగా ఉన్నప్పుడు చల్లటి బొట్టు పడితే పైపొర కింద పచ్చదనం నిండిన కణాలు కూలిపోతాయి. ఒకటి రెండు రోజుల్లో అక్కడ పసుపో తెలుపో రంగులో వలయాలు తేలతాయి. అవి తెగులు కావు, మందు కొట్టి లాభం లేదు. ఆ ఆకు ఉన్నన్నాళ్లూ మచ్చ ఉంటుంది. ఆకులు తడవకూడదన్న మాట ఇందుకే పుట్టింది. గోరువెచ్చటి నీళ్లతో తడిసినా ఏమీ కాదు, కాకపోతే ఆరేదాకా ఎండలో పెట్టకూడదు, నడిమధ్యలో నీరు నిలవనివ్వకూడదు.

ఊళ్లు తిరిగేవాళ్లకు వత్తి పద్ధతి బాగుంటుంది. నైలాన్ లేదా యాక్రిలిక్ దారం ఒకటి తీసుకోండి, నూలుదైతే కొన్నాళ్లకు కుళ్లి తెగుతుంది. నాటేటప్పుడే దారం ఒక కొసను కుండీ అడుగు రంధ్రంలోంచి లోపలికి పంపి, మట్టి మధ్య దాకా ఉంచండి. రెండో కొస కింద ఉన్న నీళ్ల డబ్బాలో వేలాడాలి. డబ్బా మూతకు రంధ్రం పెట్టి కుండీని దాని మీద కూర్చోబెట్టండి. కుండీ అడుగు నీటిని తాకకూడదు, దారం ఒక్కటే తాకాలి. మొక్క తనకు కావలసినంత లాక్కుంటుంది. ఈ పద్ధతికి మట్టి చాలా తేలికగా ఉండాలి, సగం దాకా పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తెల్లటి తేలిక గుళికలు) కలపాలి. మామూలు మట్టిలో వత్తి పెడితే లోపలంతా బురదవుతుంది.

కింది నుంచే నీళ్లు తాగే కుండీలో ఎరువు ఉప్పులు పైకి చేరి, మట్టి మీద, కుండీ అంచున తెల్లగానో తుప్పు రంగులోనో పొర కడతాయి. ఆ అంచుకు ఆనిన ఆకు కాడ అక్కడే కాలినట్టయి కుళ్లుతుంది. నెలకోసారి కుండీని సింకులో పెట్టి, ఆకులు పక్కకు తప్పించి, గోరువెచ్చటి నీళ్లు పై నుంచి ధారాళంగా పోసి అడుగు నుంచి పూర్తిగా కారనివ్వండి. పొర కడిగేసుకుపోతుంది.

వాలిన మొక్కను చూడగానే

ఇక్కడ ఆగి ఆలోచించాలి. దాహం వేసినా ఆకులు వాలతాయి, వేళ్లు కుళ్లినా వాలతాయి. చూపుకు రెండూ ఒకటే. తేడా చెప్పేది మట్టి. పొడిగా ఉండి వాలితే నీళ్లలో పెట్టండి, కొన్ని గంటల్లో లేచి కూర్చుంటుంది. తడిగా ఉండి వాలితే మాత్రం ఒక్క చుక్క కూడా పోయకండి. కుండీలోంచి మొక్కను బయటికి తీసి వేళ్లు చూడండి. మంచి వేరు తెల్లగా, సన్నగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమ రంగులో మెత్తగా, లాగితే తోలు ఊడి వస్తుంది.

కుళ్లు వేళ్ల దాకానే ఉంటే మెత్తబడ్డవన్నీ కత్తిరించి, కొత్త తేలిక మట్టిలో, ఇంకాస్త చిన్న కుండీలో నాటండి. కుళ్లు కాండంలోకి పాకితే పదునైన బ్లేడుతో కింది నుంచి పలుచటి బిళ్లలుగా కోస్తూ రండి. కోత మధ్యలో గోధుమ చుక్క కనబడకుండా లేత పచ్చగా వచ్చేదాకా కోయాలి. కోసిన ప్రతిసారీ బ్లేడు తుడవండి. పైన ఓ ఆరేడు లేత ఆకులు మిగిలినా చాలు. దాన్ని తడి పిండేసిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ మిశ్రమంలో కూర్చోబెట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కప్పి, ఎండ తగలని వెలుతురులో ఉంచండి. నెల రోజుల్లో వేళ్లు దిగుతాయి. కుళ్లు నడిబొడ్డు దాకా వచ్చేస్తే ఆ మొక్క ఆశ వదులుకుని, బాగున్న ఆకులు రెండు మూడు తీసి వాటితో కొత్త మొక్కలు చేసుకోవడమే దారి.

మట్టి, కుండీ

తోట మట్టి వద్దు. అది గట్టిపడుతుంది, వేళ్లకు ఊపిరి ఆడదు. పీట్ లేదా కోకోపీట్ ఒక వంతు, పెర్లైట్ ఒక వంతు, వర్మిక్యులైట్ (తడి పట్టి ఉంచే తేలిక ఖనిజ పలుకులు) ఒక వంతు కలుపుకుంటే సరిపోతుంది. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి వాడే ముందు రెండు మూడు నీళ్లలో కడిగి పిండండి. కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో నొక్కి వదిలితే ముద్దగా నిలబడకుండా విడిపోవాలి. పులుపు కొంచెం ఉండాలి, పీహెచ్ 6కు అటూ ఇటూ.

కుండీ విషయంలో మన మనసు పెద్దదానివైపు లాగుతుంది. మొక్క పెరగాలి కదా, చోటు కావాలి కదా అనుకుంటాం. దీని వేళ్లు లోతుకు పోవు, పెద్దగా విస్తరించవు. ఆకుల వెడల్పులో మూడో వంతు వ్యాసం ఉన్న కుండీ చాలు. 30 సెం.మీ. విస్తరించిన మొక్కకు 10 సెం.మీ. కుండీ. పెద్ద కుండీలో వేళ్లు చేరని మట్టి తడి పట్టుకుని ఉండిపోతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. పైగా వేళ్లు కాస్త ఇరుకుగా ఉన్నప్పుడే ఇది బాగా పూస్తుంది.

ఎరువు సంగతికొస్తే, నత్రజని, భాస్వరం, పొటాషియం సమపాళ్లలో ఉన్న ద్రవ ఎరువు, 20-20-20 లాంటిది, డబ్బా మీద చెప్పిన మోతాదులో పావు వంతు చేసి ప్రతి తడికీ ఇవ్వండి. వత్తి కుండీలకు ఎనిమిదో వంతు చాలు. నత్రజని యూరియా రూపంలో లేని రకం దొరికితే అదే తీసుకోండి. యూరియా ఎక్కువైతే ఈ సన్నటి వేళ్లు కాలతాయి. మొక్క జబ్బుగా ఉన్నప్పుడు ఎరువు ఆపేయండి.

పూలు ఎక్కడి నుంచి వస్తాయో గమనించండి

ఆకు కాడ కాండాన్ని కలిసే మూల ఉంటుంది చూడండి, పూకాడ అక్కడి నుంచి లేస్తుంది. ఒకసారి పూసిన మూల సాధారణంగా మళ్లీ పూయదు. అంటే కొత్త ఆకు వస్తేనే కొత్త పూలు. పూలు కావాలంటే మొక్క ఆగకుండా ఆకులు వేస్తుండాలి. వెలుతురు, క్రమంగా తడి, పల్చటి ఎరువు ఇవన్నీ అందుకోసమే. అడుగున ముదిరి పసుపెక్కిన ఆకుల్ని ఉంచడం వల్ల లాభం లేదు. నెలకు రెండు మూడు అడుగు ఆకుల్ని పక్కకు వంచి తుంచేయండి. కాడ మొదలు దాకా రావాలి, ముక్క మిగిలితే అది కుళ్లుతుంది. వాడిన పూలు కూడా ఎప్పటికప్పుడు తీసేయాలి.

అదే మూలల్లోంచి పిలకలు కూడా పుడతాయి. మొగ్గ కాడనూ పిలకనూ పోల్చుకోవడం మొదట్లో కష్టమే. రెండూ పచ్చటి చుక్కలాగే మొదలవుతాయి. తొందరపడి గిల్లేయకుండా కొన్ని రోజులు ఆగండి. ఆ చుక్క సన్నటి కాడగా పైకి సాగి చివర తల వంచుకుంటే పూలు. మొదట్లోనే నాలుగు బుల్లి ఆకులు గుండ్రంగా తెరుచుకుంటే పిలక. పిలకను పెన్సిల్ మొనతో జాగ్రత్తగా పెకలించేయండి. వదిలేస్తే ఒక్క కుండీలో మూడు నాలుగు నడిబొడ్లు తయారై ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఏదీ సరిగా పూయదు. వేలాడే ట్రెయిలింగ్ రకాలకు మాత్రం ఈ నియమం లేదు, వాటికి పిలకలే అందం.

పువ్వును ఒకసారి దగ్గర నుంచి చూడండి. నడుమ పసుపు పచ్చటి పుప్పొడి సంచులు రెండు జంటగా ఉంటాయి. వాటిని తాకినా పొడి రాలదు, సంచి మూసుకునే ఉంటుంది. అడవిలో తేనెటీగ జాతి కీటకం పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో జుమ్మని అదిరిస్తేనే పుప్పొడి బయటికి చిమ్ముతుంది. అందుకే ఇంట్లో రేకుల మీద పసుపు పొడి రాలి కనిపిస్తే అది మామూలు విషయం కాదు. తామర పురుగులు సంచులు కొరికి పుప్పొడి తిన్నాయన్నమాట. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి గీతల్లాంటి పురుగులు పాకుతూ కనబడతాయి. పూలు, మొగ్గలన్నీ తుంచి సంచిలో కట్టి పారేయండి. రెండు నెలల పాటు వచ్చిన మొగ్గనల్లా తీసేస్తూ ఉంటే వాటికి తిండి కరవై చాలావరకు అదుపులోకి వస్తాయి.

పిండినల్లిని స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో ఒక్కొక్కటిగా తుడవండి, వారం వారం మళ్లీ చూస్తుండండి. ఆకుల మీద తెల్లటి పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు. గాలి ఆడేలా మొక్కల్ని ఎడంగా పెడితే సగం తగ్గుతుంది. నడిబొడ్డును పట్టే నల్లి మాత్రం కంటికి కనిపించనంత చిన్నది, పక్క మొక్కలకు పాకుతుంది. ఒకటి రెండు మొక్కలే ఉన్నవాళ్లు దాంతో పోరాడకుండా మొక్కను కుండీతో సహా పారేసి, చేతులు కడుక్కుని మిగతావాటిని ముట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

నూగు ఆకుల మీద దుమ్ము త్వరగా పడుతుంది, వెలుతురును ఆపుతుంది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో మొదలు నుంచి కొస వైపు తుడవండి. ఆకుకు మెరుపు తెచ్చే స్ప్రేలు దీనికి పనికిరావు.

మెడ సాగిన మొక్కను మళ్లీ నాటడం

అడుగు ఆకులు తీస్తూ పోతే కొన్నాళ్లకు కింద బోడి కాండం మిగులుతుంది. పెంచేవాళ్లు దాన్ని మెడ అంటారు. మొక్క కొబ్బరి చెట్టులా ఓ పక్కకు ఒరుగుతుంది. ముసలిదైపోయిందని చాలామంది ఇక్కడే పారేస్తారు. నిజానికి ఈ మొక్కను ఏళ్ల తరబడి నిలిపే పని ఇదొక్కటే, ఏడాదికి ఒకటి రెండుసార్లు చేస్తే సరిపోతుంది.

ముందు రోజు నీళ్లు పెట్టకండి, ఆకులు కాస్త మెత్తగా ఉంటే విరగవు. అడుగు వరస ఆకులు, పూకాడలు అన్నీ తీసేయండి. పూలు తీయడానికి చేయి రాదు, కానీ తీయాలి. కొత్త వేళ్లు వేసే బలం దానికి కావాలి. కుండీని వంచి మొక్కను బయటికి జార్చండి. బోడి మెడ మీద గోధుమ రంగు బెరడు లాంటి పొర ఉంటుంది. కత్తి మొద్దు వైపుతో దాన్ని మెల్లగా గీకండి. కింద లేత పచ్చ కనబడితే చాలు. కొత్త వేళ్లు అక్కడి నుంచే వస్తాయి.

ఇప్పుడు మెడ పొడవెంతో చూసుకుని, వేళ్ల ముద్ద అడుగు నుంచి అంతే మందం కత్తితో కోసేయండి. మెడ రెండు సెం.మీ. ఉంటే అడుగు రెండు సెం.మీ. కోయాలి. అప్పుడు అదే సైజు కుండీలో మొక్క కిందికి దిగి కూర్చుంటుంది, అడుగు ఆకులు కుండీ అంచు మీద ఆనుతాయి. చుట్టూ కొత్త మట్టి నింపండి, నొక్కకండి. కుండీని బల్ల మీద రెండుసార్లు తట్టితే మట్టి దానంతటదే సర్దుకుంటుంది. కొద్దిగా తడిపి, వారం పది రోజులు పారదర్శకమైన సంచిలో ఉంచి, తర్వాత మూతిని రోజుకింత తెరుస్తూ బయటి గాలికి అలవాటు చేయండి.

మెడ మరీ పొడవైపోతే తలను పూర్తిగా కోసి, కుళ్లిన మొక్కకు చెప్పినట్టే మళ్లీ వేళ్లు పట్టించవచ్చు.

ఒక్క ఆకుతో కొత్త మొక్కలు

ఇంట్లో వైలెట్ ఉన్నవాళ్లు ఈ పని ఒక్కసారైనా చేసి చూడాలి. అడుగున ఉన్న ముదురు ఆకు వద్దు, నడిమధ్య లేతదీ వద్దు. పై నుంచి రెండో మూడో వరసలోది, గట్టిగా, మచ్చ లేకుండా ఉన్నది ఎంచుకోండి. కాడ 3 సెం.మీ. ఉంచి, కొసను ఏటవాలుగా కోయండి. కోత ముఖం ఆకు పైవైపుకు తిరిగి ఉంటే పిల్లలు ముందు వైపు లేస్తాయి, తీసుకోవడం తేలిక. ఆకు పెద్దదైతే పై మూడో వంతు కత్తిరించేయవచ్చు. అప్పుడది తాను పెరగడం మాని పిల్లల మీద బలం పెడుతుంది.

చిన్న ప్లాస్టిక్ కప్పుకు అడుగున రంధ్రాలు పెట్టి, పెర్లైట్, వర్మిక్యులైట్ సగం సగం నింపి తడపండి. పెన్సిల్‌తో గుంట చేసి, కాడను ఒకటిన్నర సెం.మీ. లోతున ఏటవాలుగా గుచ్చండి. లోతుగా పాతితే పిల్లలు పైకి రావడానికి చాలా కాలం పడుతుంది. కప్పుకు సంచి కప్పి వెలుతురులో పెట్టండి. రకం పేరు, తేదీ రాసి అంటించండి, నాలుగు ఆకులు పెట్టాక ఏది ఏదో గుర్తుండదు. నీళ్ల గ్లాసులో పెట్టినా వేళ్లు వస్తాయి గానీ అవి పెళుసుగా ఉంటాయి, మట్టిలోకి మార్చేటప్పుడు విరుగుతాయి. నేరుగా నాటడమే నయం.

మూడు నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. ఆకును మెల్లగా లాగితే బిగువు తగులుతుంది. ఆ తర్వాత చాలా రోజులు పైకి ఏమీ కనబడదు. ఇక్కడే ఓపిక కావాలి, తవ్వి చూడకండి. నాటిన రెండు మూడు నెలలకు కాడ మొదట్లో ఎలుక చెవుల్లాంటి బుల్లి ఆకులు లేస్తాయి. ఒక్కో ఆకుకు మూడు నాలుగు పిల్లలు రావడం మామూలే.

పిల్లల ఆకులు రూపాయి బిళ్లంత అయ్యాక విడదీయండి. మొత్తం ముద్దను బయటికి తీసి, మట్టి దులిపి, వేళ్లతో మెల్లగా విడగొట్టండి. ఒక్కో పిల్లకు కాసిన్ని వేళ్లు ఉంటే చాలు. 5 లేదా 6 సెం.మీ. కుండీల్లో విడివిడిగా నాటి, వారం రోజులు సంచిలో ఉంచండి. ఆకు గుచ్చిన నాటి నుంచి మొదటి పువ్వుకు ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా పట్టవచ్చు.

ఒక్క రకానికి మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. రేకు మధ్య నుంచి అంచు దాకా సైకిల్ చక్రం పుల్లల్లా రంగు చారలుండే కైమెరా వైలెట్ల ఆకు నాటితే చారల్లేని మామూలు పూల మొక్క వస్తుంది. వాటిని పిలకలతోనో, పూకాడ ముక్కలతోనో పెంచాలి.

పిల్లల్ని తీశాక తల్లి ఆకును పారేయకండి. అది ఇంకా గట్టిగా, పచ్చగా ఉంటే కాడ చివర ఓ ముక్క కొత్తగా కోసి మళ్లీ కప్పులో గుచ్చండి. రెండో కాన్పు పిల్లల్ని కూడా ఇస్తుంది.